0.93 ఎక్కడ తప్పిపోయింది?

నా బల్ల మీద రెండు పాత వైద్య వ్యాసాల నకళ్ళు ఉన్నాయి. ఒకటి 1984 నాటిది, రెండోది 2009 నాటిది. రెండూ అమెరికాలో జరిగిన పరిశోధనలే. రెండూ అడిగింది ఒకే ప్రశ్న: ఛాతీ మీద ప్రోబ్ పెట్టి తీసే ఎకో పరీక్షతో ఊపిరితిత్తుల ధమనిలోని రక్తపోటును చెప్పగలమా? కొలిచే పద్ధతి ఒకటే, వాడిన సూత్రం ఒకటే, తప్పొప్పులు తేల్చడానికి ఎంచుకున్న పరీక్షా ఒకటే. చెప్పగలమని మొదటి వ్యాసం తేల్చింది. ఎకో అంకెకూ అసలు అంకెకూ మధ్య సహసంబంధం 0.93 అని చూపింది. అది 1 అయితే రెండూ అడుగు తప్పకుండా కలిసి నడుస్తున్నట్టు లెక్క. రెండో వ్యాసం మాత్రం 48 శాతం మందిలో ఎకో అంకె 10 మిల్లీమీటర్ల పాదరసం కంటే ఎక్కువ తప్పిందని రాసింది. పాతికేళ్ళలో ఏం మారిందో తెలుసుకోవాలని ఈ తవ్వకం మొదలుపెట్టాను.

ముందుగా ఎకో ఏం కొలుస్తుందో తేల్చుకోవాలి. అది ధమనిలోని ఒత్తిడిని నేరుగా కొలవదు. గుండెకు కుడి వైపు పైన కర్ణిక, కింద జఠరిక ఉంటాయి. వాటి మధ్య ట్రైకస్పిడ్ కవాటం ఉంటుంది. జఠరిక ముడుచుకున్నప్పుడు రక్తం ఊపిరితిత్తుల వైపు పోవాలి. కవాటం సందులోంచి కొద్దిగా వెనక్కి, కర్ణికలోకి కూడా చిమ్ముతుంది. ఈ చిన్న లీకు ఆరోగ్యవంతుల్లోనూ చాలామందికి ఉంటుంది. డాప్లర్ పద్ధతి ఆ ధార వేగాన్ని పట్టుకుంటుంది. వేగం వర్గాన్ని నాలుగుతో గుణిస్తే రెండు గదుల మధ్య ఒత్తిడి తేడా వస్తుంది. ధార సెకనుకు 3 మీటర్ల వేగంతో పోతుంటే ఆ తేడా 36 మిల్లీమీటర్ల పాదరసం. దానికి కర్ణికలోని ఒత్తిడి కలిపితే జఠరికలో ఒత్తిడి తెలుస్తుంది. జఠరిక నుంచి ధమనిలోకి వెళ్ళే దారిలో ఇరుకు లేకపోతే ధమనిలోనూ అంతే ఉంటుంది. మన ఊళ్ళలో ఇచ్చే ఎకో రిపోర్టుల్లో ఆర్‌వీఎస్‌పీ పేరుతో వచ్చేది ఈ అంకే. అంటే ఇందులో ఒక కొలత, ఒక అంచనా, ఒక ఊహ ఉన్నాయి. వేగం కొలత. కర్ణిక ఒత్తిడి అంచనా. దారిలో ఇరుకు లేదన్నది ఊహ.

ఇక తీర్పు చెప్పే పరీక్ష క్యాథెటర్. మెడ దగ్గరో గజ్జ దగ్గరో సిరలోంచి సన్నటి గొట్టాన్ని గుండె కుడి గదుల మీదుగా ధమని దాకా పంపి ఒత్తిడిని అక్కడే చదువుతారు. 1929లో జర్మనీలో ఒక యువ వైద్యుడు తన చేతి సిరలోంచే గొట్టాన్ని గుండె దాకా పంపుకుని ఎక్స్‌రే తీయించుకున్నాడు. 1956లో ఆ పనికి నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఇంత నేరుగా కొలిచే మార్గం ఉండగా ఎకో ఎందుకన్న ప్రశ్నకు 2006 నాటి ఒక లెక్క జవాబిస్తుంది. అనుభవం ఉన్న కేంద్రాల్లో చేసిన 7,218 క్యాథెటర్ పరీక్షల్లో 76 తీవ్ర సంఘటనలు, 4 మరణాలు నమోదయ్యాయి. శాతంగా చూస్తే ఇది తక్కువే. కానీ ఆయాసంతో వచ్చిన ప్రతి మనిషికీ చేసే పరీక్ష కాదు.

1984 వ్యాసానికి తిరిగి వస్తాను. కుడి గుండెలో ఒత్తిడి పెరిగిన లక్షణాలున్న 62 మందిని తీసుకున్నారు. వాళ్ళలో 54 మందిలో లీకు ధార స్పష్టంగా దొరికింది. కర్ణిక ఒత్తిడిని మెడ సిరల ఉబ్బును కంటితో చూసి అంచనా కట్టారు. ఫలితం 0.93. మరుసటి ఏడాది ఇంకో రెండు బృందాలు ఇదే పరీక్ష చేశాయి. ఒకటి 69 మందిని చూసి, ధార దొరికినవాళ్ళలో 0.97 అంది. ఇంకొకటి 127 మందిలో ఎకో, క్యాథెటర్ ఒకే సమయంలో నడిపి, గదుల మధ్య తేడాకు 0.96 అంది. మూడు బృందాలు వేర్వేరుగా చేసి ఒకే చోటికి చేరాయి. కాబట్టి 1984 ఫలితం కాకతాళీయం కాదు.

2009 ఫలితమూ ఒంటరిది కాదు. 2003లో ఊపిరితిత్తుల మార్పిడి కోసం వేచి ఉన్న 374 మంది మీద ఒక అధ్యయనం వచ్చింది. ఎకోతో అంకె చెప్పగలిగింది 166 మందికి. సహసంబంధం 0.69. అంచనాల్లో 52 శాతం 10 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తప్పాయి. 2009లో 65 మంది. 2011లో, ధమని ఒత్తిడి ఎక్కువగా ఉన్న 160 మంది మీద మరో అధ్యయనం. సహసంబంధం 0.68, తప్పినవి 50.6 శాతం. 2003లోనూ, 2009లోనూ, 2011లోనూ తప్పింది సగం మందిలోనే. ఇది కూడా కాకతాళీయం కాదు. ఇక రెండు పక్షాలనూ నమ్మి, మధ్యలో ఏం జరిగిందో వెతకాలి.

మొదట అనుమానించింది సూత్రంలో వేగం వర్గాన్ని గుణించే ఆ నాలుగును. ఒకే అంకె ప్రతి మనిషికీ సరిపోతుందా అనిపించింది. కాగితం తీసి లెక్క కట్టాను. బెర్నూలీ సూత్రం ప్రకారం ఒత్తిడి తేడా అంటే సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణించడమే. ఘనపు మీటరు రక్తం సుమారు 1,060 కిలోలు. అందులో సగం 530. ఒక మిల్లీమీటరు పాదరసం 133.3 పాస్కల్‌లు. 530ని 133.3తో భాగిస్తే 3.98. నాలుగు అక్కడి నుంచి వచ్చింది. సూత్రంలో వదిలేసినవి కూడా ఉన్నాయి. లీకులోకి దూరకముందు రక్తానికి ఉన్న వేగం వాటిలో ఒకటి. అది సెకనుకు అర మీటరు అనుకున్నా తేడా ఒక్క మిల్లీమీటరే. ఈ సూత్రాన్ని 1970 దశకంలో నార్వేలో మిట్రల్ కవాటం ఇరుకైన రోగుల మీద పరీక్షించి చూశాకే కుడి వైపుకు తెచ్చారు. ఇంత పెద్ద తప్పుకు కారణం ఆ నాలుగు కాదు. దాన్ని వదిలేశాను.

తర్వాత కాలాన్ని అనుమానించాను. ధమని ఒత్తిడి నిలకడగా ఉండదు. మందు పడినా, ఒంట్లో నీరు తగ్గినా, భయపడినా మారుతుంది. 2003 అధ్యయనంలో ఎకోకూ క్యాథెటర్‌కూ మధ్య 72 గంటల దాకా ఎడం ఉంది. ఈ దారి నిజమనిపించి చాలా దూరం వెళ్ళాను. 2009 వ్యాసంలో పద్ధతులు చెప్పిన భాగం చదివాక ఆగిపోయాను. అక్కడ ఎడం గంట లోపే. 2011లో 160 మందితో పాటు మరో 23 మందికి రెండు పరీక్షలూ ఒకేసారి చేశారు. అప్పుడూ మెరుగవలేదు. కాలం కొంత తేడా తెస్తుంది గాని సగం మందిని తప్పించేంత కాదు.

యంత్రాల సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1984 నుంచి 2009 దాకా ఎకో యంత్రాలు మెరుగయ్యాయే గాని చెడలేదు. ఆ అనుమానం ఒక పూటలో తీరింది.

నాలుగో అనుమానం గణాంకం మీద. ఇక్కడ తవ్వితే నిజంగానే కొంత దొరికింది. సహసంబంధం రెండు అంకెలు కలిసి పెరుగుతున్నాయా లేదా అన్నదే చెబుతుంది. రెండూ ఒకటేనా అన్నది చెప్పదు. ఎకో ప్రతిసారీ 20 ఎక్కువ చూపించినా సహసంబంధం 1 గానే ఉంటుంది. 1986లో ఇద్దరు ఇంగ్లిష్ గణాంక శాస్త్రజ్ఞులు ఒక వైద్య పత్రికలో ఈ మాటే వివరించి, రెండు కొలతలను పోల్చాలంటే వాటి మధ్య తేడాలనే గీసి చూడాలన్నారు. తేడాల సగటు ఎంత, నూటికి 95 తేడాలు ఏ హద్దుల మధ్య పడతాయి అన్నవి చెప్పాలన్నారు. 1984, 1985 వ్యాసాలు వచ్చింది ఆ సలహాకు ముందు. 2009, 2011 వ్యాసాలు ఆ పద్ధతిలోనే లెక్క చూపాయి.

సహసంబంధానికి ఇంకో గుణం ఉంది. తీసుకున్న రోగుల ఒత్తిళ్ళు ఎంత విశాలంగా పరచుకుంటే అది అంత పెద్దదిగా కనిపిస్తుంది. 1985లో 0.97 అన్న వ్యాసంలో ఒత్తిళ్ళు 28 నుంచి 116 దాకా ఉన్నాయి. 28 ఉన్నవాణ్ణీ 116 ఉన్నవాణ్ణీ వేరు చేయడం ఎకోకు కష్టం కాదు. 36 ఉన్నవాణ్ణీ 46 ఉన్నవాణ్ణీ వేరు చేయడమే కష్టం. క్లినిక్‌లో ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఈ రెండోది.

ఇది తెలిశాక 1984 వ్యాసం మళ్ళీ చదివాను. 0.93 పక్కనే ఇంకో అంకె అచ్చయి ఉంది. అంచనాలోని ప్రామాణిక దోషం 8 మిల్లీమీటర్లు. తర్వాతి వ్యాసాలు ఎత్తి చూపింది 0.93నే కాబట్టి మొదటిసారి చదివినప్పుడు నా కన్నూ దాని మీదే ఆగింది. ఆ 8తో లెక్క కడితే, తప్పులు మామూలు గంట ఆకారంలో పరచుకున్నాయనుకుంటే, 10 మిల్లీమీటర్ల హద్దు దాటేవాళ్ళు నూటికి 21 మంది. అంటే ఐదుగురిలో ఒకరు తప్పుతారన్న సంగతి 1984లోనే అచ్చయింది. గణాంకంతో చిక్కు విడిపోయిందని అప్పుడు అనుకున్నాను.

విడిపోలేదు. నూటికి 21కీ 48కీ మధ్య దూరం అలాగే మిగిలింది. 2009 వ్యాసం ఇచ్చిన హద్దులు ఒక వైపు 38.8, ఇంకో వైపు 40. సగటు తేడా మాత్రం 0.6. అంటే పైకీ కిందికీ తప్పిన తప్పులు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి. ఆ హద్దుల నుంచి వెనక్కి లెక్కేస్తే ప్రామాణిక విచలనం 20 దగ్గర వస్తుంది. 1984 నాటి 8 రెండున్నర రెట్లయింది. కొలత రాసే పద్ధతి మారినంత మాత్రాన తప్పు రెండున్నర రెట్లు కాదు.

ఆ 20ని పట్టుకుని ఇంకో అడుగు వేశాను. ఈ తవ్వకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆధారం ఇక్కడే దొరికింది. విచలనం నిజంగా 20 అయి, తప్పులు గంట ఆకారంలోనే ఉంటే 10 దాటేవాళ్ళు నూటికి 62 మంది ఉండాలి. ఉన్నది 48. 2011 అంకెలతోనూ ఇదే లెక్క వేశాను. హద్దులు −34.2, +38.6. వాటి ప్రకారం 59 రావాలి. వచ్చింది 50.6. రెండు చోట్లా తప్పినవాళ్ళు లెక్క కంటే తక్కువ, హద్దులు మాత్రం వెడల్పు. ఇలా కావడానికి ఒకటే మార్గం. ఎక్కువ మందిలో తప్పు మోస్తరుగా ఉంది. కొద్దిమందిలో చాలా పెద్దగా ఉంది. ఆ కొద్దిమంది హద్దులను లాగేశారు. 2009 వ్యాసంలోని వివరం దీన్ని బలపరుస్తుంది. ఎక్కువ చూపినవి 16, తక్కువ చూపినవి 15. ఎక్కువ చూపినప్పుడు సగటు తప్పు 19, తక్కువ చూపినప్పుడు 30. కాబట్టి వెతకాల్సినవి రెండు తప్పులు. ఒకటి తరచుగా జరిగే చిన్నది, ఇంకొకటి అరుదుగా జరిగే పెద్దది.

చిన్న తప్పుకు కారణం కర్ణిక ఒత్తిడి దగ్గర దొరికింది. 1984లో మెడ సిరలు చూసి కట్టిన అంచనాను తర్వాత పొట్ట వైపు నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను చూసి కట్టడం మొదలైంది. సిర 21 మిల్లీమీటర్లకు మించకుండా, ఊపిరి పీల్చినప్పుడు సగానికి పైగా కుంచించుకుంటే 3 వేస్తారు. మించి ఉండి, కుంచించుకోకపోతే 15. మధ్యలో ఉన్నవాళ్ళకు 8. అంటే మనిషికి ఈ మూడింటిలో ఒకటే వస్తుంది. అసలు ఒత్తిడి 5 ఉన్నవాడికి 15 పడితే తప్పు అక్కడే 10 అయింది, ధార ఎంత చక్కగా దొరికినా సరే. తరచుగా జరిగే తప్పులో పెద్ద వాటా ఇదే కాగలదు. కానీ 30 తగ్గించి చూపడానికి ఇది చాలదు. వేసే అంకెల మధ్య మొత్తం ఎడమే 12.

పెద్ద తప్పు వేగంలోనే ఉండాలి. వేగాన్ని వర్గం చేస్తాం కాబట్టి వేగంలో 10 శాతం తప్పితే ఒత్తిడిలో 20 శాతం దాకా తప్పుతుంది. అసలు వేగం 4 మీటర్లు అనుకుందాం. తేడా 64. దాన్ని 2.9గా చదివితే తేడా 34. అక్కడే 30 పోయింది. 4ను 2.9గా చదవడం ఎలా సాధ్యం? డాప్లర్ తన వైపు సూటిగా వచ్చే ధారనే పూర్తి వేగంతో చూస్తుంది. ధార పక్కకు తిరిగి ఉంటే వేగం తగ్గి కనిపిస్తుంది. 20 డిగ్రీల వంపుకు వేగం 6 శాతమే తగ్గుతుంది. 2.9కి దిగాలంటే 43 డిగ్రీలు కావాలి. పరీక్ష చేసేవాళ్ళు ప్రోబ్‌ను మూడు నాలుగు చోట్ల పెట్టి అన్నిటికంటే ఎక్కువ వేగం వచ్చిన చోటు తీసుకునేది ఈ వంపు తగ్గించడానికే. వంపు ఒక్కటే మొత్తం తప్పును మోయలేదు.

మిగిలిన బరువు ధార నీడ మీద పడుతుంది. తెర మీద ధార వేగం ఒక గంట బొమ్మలా పడుతుంది. అంచు తెగినట్టు స్పష్టంగా ఉంటే కొస ఎక్కడుందో ఎవరైనా ఒకటే చెబుతారు. లీకు చిన్నదైతే బొమ్మ కింది భాగమే పడి, కొస మాయమవుతుంది. కనిపించినదాన్నే కొస అనుకుంటే వేగం తగ్గుతుంది. యంత్రం గెయిన్ పెంచితే అంచు చుట్టూ నూగులాంటి మసక వస్తుంది. ఆ మసకను కూడా కలిపి గీస్తే వేగం పెరుగుతుంది. లీకు మరీ పెద్దదైనా చిక్కే. కవాటం మూసుకోవడమే మానేసినప్పుడు రెండు గదులు దాదాపు ఒకటే అవుతాయి, సూత్రానికి ఆధారమైన సన్నటి సందు ఉండదు. పెద్ద తప్పులు పుట్టే చోట్లు ఇవి. ఇవన్నీ ధార నాణ్యత మీద ఆధారపడ్డవే.

తీర్పరిని కూడా అనుమానించకుండా వదలకూడదు. క్యాథెటర్ గొట్టంలోని ద్రవం ఒత్తిడిని బయట ఉన్న మీటరుకు చేరుస్తుంది. ఆ మీటరును గుండె ఎత్తులో పెట్టాలి. 10 సెంటీమీటర్లు కిందో పైనో పెడితే 7 మిల్లీమీటర్లకు పైగా తప్పుతుంది. ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళలో ఊపిరితో పాటు ఒత్తిడి ఊగుతుంది. ఊపిరి వదిలిన చివర చదివితే ఒక అంకె, సగటు తీస్తే ఇంకో అంకె. కాబట్టి ఎకో మీద వేసిన తప్పుల్లో కొన్ని మిల్లీమీటర్లు క్యాథెటర్‌వి. 30 మాత్రం దానివి కావు.

ఇంతలో ఎవరూ కొలతలో చేర్చని ఇంకో తేడా కనిపించింది. ఊపిరితిత్తుల ధమనిలో రక్తపోటు పెరగడమనే జబ్బుకు నిర్వచనం ధమనిలోని సగటు ఒత్తిడి మీద ఉంటుంది. ఎకో చెప్పేది గుండె ముడుచుకున్నప్పటి గరిష్ఠ ఒత్తిడి. గరిష్ఠం నుంచి సగటుకు వెళ్ళడానికి 2004 నాటి ఒక లెక్క ఉంది. 0.61తో గుణించి 2 కలపాలి. ఎకో అంకె 36 అయితే సగటు 24. 1973 నుంచి వాడుకలో ఉన్న గీత 25. ఆ గీత ప్రకారం ఈ మనిషికి జబ్బు లేదు. 2018లో నిపుణుల సదస్సు ఒకటి గీతను 20 దాటితే చాలని దించింది. అప్పటి నుంచి అదే మనిషి, అదే రిపోర్టుతో గీత అవతల ఉన్నాడు. 2001లో ఒక అమెరికన్ ఆసుపత్రి గుండె మామూలుగా ఉన్న 3,790 మంది ఎకోలు వెతికి చూసింది. వాళ్ళ గరిష్ఠ ఒత్తిడి సగటున 28. యాభై దాటినవాళ్ళలో 6 శాతం మందికి జబ్బేమీ లేకుండానే 40 దాటింది.

ఒకే అంకెను రెండు పనులకు వాడితే ఏమవుతుందో సికిల్‌సెల్ రోగుల కథ చూపిస్తుంది. 2004లో అమెరికాలో 195 మంది సికిల్‌సెల్ రోగులకు ఎకో చేశారు. 32 శాతం మందిలో ధార వేగం 2.5 మీటర్లు, ఆపైన ఉంది. వాళ్ళు చనిపోయే రేటు మిగతావాళ్ళ కంటే 10 రెట్లు. ఇంత పెద్ద తేడాను ఎవరూ పట్టించుకోకుండా ఉండలేరు. 2011లో ఫ్రాన్స్‌లో 398 మందిని అదే గీతతో చూశారు. 27 శాతం మంది గీత దాటారు. తేడా ఏమిటంటే ఇక్కడ గీత దాటినవాళ్ళను క్యాథెటర్ దాకా తీసుకెళ్ళారు. జబ్బు రుజువైంది 24 మందిలో, అంటే మొత్తంలో 6 శాతం. గీత దాటిన నలుగురిలో ఒకరికే ఉంది. ఆ 24 మందిలోనూ 13 మందికి మూలం గుండె ఎడమ వైపు ఉంది, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో కాదు. 2.5 వేగం అంటే తేడా 25 మాత్రమే. రక్తహీనతతో గుండె ఎక్కువ రక్తం తోస్తున్నప్పుడు నాళాలు బాగున్నా అక్కడికి చేరుతుంది. రెండు వ్యాసాలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. వేగం ప్రమాద సూచిక అని మొదటిది చూపింది. అది రోగ నిర్ధారణ కాదని రెండోది చూపింది. 2023 జూలైలో మన దేశంలో సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక ఆదిలాబాద్, విశాఖ మన్యం వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ జబ్బున్నవాళ్ళు ఇంకా ఎక్కువ మంది పరీక్షల దాకా వస్తున్నారు. వాళ్ళ ఎకో కాగితం మీద ఉండే 2.6ను ఎలా చదవాలన్నది ఇప్పుడు మన ప్రశ్న కూడా.

ఈ వాదాల జాడ మార్గదర్శకాల్లో కనిపిస్తుందేమో చూశాను. యూరప్ మార్గదర్శకాలు రెండింటిని పక్కపక్కన పెట్టాను. 2009 నాటి పట్టికలో వేగం 2.8, దాని పక్కన ఒత్తిడి 36 అని ఉంది. వేగం 3.4, దాని పక్కన 50. కర్ణిక ఒత్తిడి 5 అనుకుని కట్టిన లెక్క అది. 2015 పట్టికలో 2.8 ఉంది, 3.4 ఉంది. 36, 50 లేవు. కలపడం మానేసి వేగాన్నే ఉంచారు. పట్టిక చెప్పేది జబ్బు ఉందా లేదా అని కాదు, ఉండే అవకాశం తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని. వేగంతో పాటు కుడి జఠరిక ఉబ్బిందా, గదుల మధ్య గోడ చదునైందా అన్నవి కూడా చూడమన్నారు. చిన్న తప్పుకు మూలమైన కర్ణిక అంచనా అలా లెక్కలోంచి తప్పుకుంది.

మన రిపోర్టుల్లో మాత్రం కలిపిన అంకే ఎక్కువగా కనిపిస్తుంది. ఆర్‌వీఎస్‌పీ 46 అని రాసి, కింద మైల్డ్ పీఏహెచ్ అంటారు. పీఏహెచ్ అన్నది నిజానికి ఊపిరితిత్తుల ధమనులకే వచ్చే ఒక ప్రత్యేక జబ్బు పేరు. ధమని ఒత్తిడి పెరిగే ఐదు వర్గాల్లో అది ఒకటి. మిట్రల్ కవాటం ఇరుకైనా, బీపీతో ఎడమ జఠరిక గట్టిపడినా, పొగతో ఊపిరితిత్తులు పాడైనా ఒత్తిడి పెరుగుతుంది, అవి వేరే వర్గాలు. ఎకో అంకె ఒక్కటే ఏ వర్గమో చెప్పదు. కాగితం పట్టుకుని ఇంటికెళ్ళి ఆ మూడక్షరాలను ఫోన్‌లో వెతికే మనిషికి అరుదైన, ప్రాణాంతకమైన జబ్బు వివరాలు ఎదురవుతాయి. ఆ రిపోర్టు మీద వేగం ఎంత, ధార బొమ్మ స్పష్టంగా ఉందా, కర్ణికకు ఎంత వేశారు అన్న మూడు వివరాలు ఉంటే ఆ 46ను ఇంకో వైద్యుడు తిరిగి కట్టి చూడగలడు. వేగం 3.1 అయి, 8 కలిపారా? వేగం 2.8 అయి, 15 కలిపారా? రెండింటికీ జవాబు 46 దగ్గరే. మొదటిది మధ్యస్థ వరుస, రెండోది తక్కువ వరుస.

చివరికి మిగిలింది అసలు అంకే లేని కాగితం. ధార దొరకనప్పుడు ఆర్‌వీఎస్‌పీ గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీ గడిని చదివేవాళ్ళు ఒత్తిడి మామూలుగా ఉందనుకోవచ్చు. 2018లో అమెరికాలో ఒక బృందం ఎకో తీసిన రెండు రోజుల్లో క్యాథెటర్ చేసినవాళ్ళ రికార్డులు తిరగేసింది. ఎకోలో ధార వేగం నమోదు కానివాళ్ళలో దాదాపు సగం మందికి ధమని ఒత్తిడి ఎక్కువగానే ఉంది. ఇది చదివాక 1985 నాటి 0.97 వ్యాసాన్ని మళ్ళీ తీశాను. దాని సారాంశంలోనే ఈ సంగతి ఉంది. క్యాథెటర్ ప్రకారం ఒత్తిడి ఎక్కువ ఉన్న 49 మందిలో ధార దొరికింది 39 మందికి. మిగతా పది మందికి ఒత్తిడి ఉంది, ధార లేదు. 0.97 కట్టింది ధార ఉన్నవాళ్ళతోనే.

అప్పుడు 1984 వ్యాసంలో మొదటి పంక్తులు ఇంకో రకంగా కనిపించాయి. 62 మందిలో 54. ఒత్తిడి లక్షణాలు స్పష్టంగా ఉన్న రోగులు కాబట్టి ధార దొరకనివాళ్ళు ఎనిమిది మందే. 0.93లో ఆ ఎనిమిది మంది లేరు. 2003లో రోగులు మారారు; వాళ్ళు ఊపిరితిత్తుల మార్పిడికి వేచి ఉన్నవాళ్ళు. గాలితో ఉబ్బిన ఊపిరితిత్తులు గుండెకూ ప్రోబ్‌కూ మధ్య అడ్డుగా ఉంటాయి, అల్ట్రాసౌండ్ గాలిని దాటలేదు. అంకె చెప్పగలిగిన 166 మందిలోనూ ధారలు 1984 నాటి ధారల్లాంటివి కావు. అంకె చెప్పలేనివాళ్ళు 374 మందిలో 208 మంది.